గ్రాఫిక్స్ కార్డునకు మెమరీ యెంత చాలును?

వేసవి సెలవులు సమీపించు కొలదియు మన పాఠశాలలో ఒక ప్రశ్న తఱచుగా వినబడుచుండును. "ఎనిమిది జీబీ కార్డు చాలునా, పదహారు కావలెనా?" తొమ్మిది, పది తరగతుల బాలురు విరామ సమయమున దీనినే చర్చించుచుందురు. పాఠశాల విడిచి ఇంటర్మీడియట్‌లోను, ఇంజనీరింగు కళాశాలలలోను చేరిన పూర్వ విద్యార్థులు మమ్ము చూడవచ్చినప్పుడును ఇదియే మాట. కొందఱు తండ్రులు సయితము ఫీజు చెల్లించుటకు వచ్చి, పోవుచు పోవుచు నిలిచి, "అయ్యవారూ, మావాడు ఆ కార్డు లేకుంటే చదువు సాగదంటాడు, నిజమేనా?" అని అడుగుచున్నారు. ఒక్కొక్కరికి వేర్వేరుగా చెప్పుటకంటె మాకు తెలిసినంత వఱకు ఈ సంచిక మూలమున అందఱికిని చెప్పుట మేలని తలచితిమి.

ఆటల మాట వార్షిక సంచికకు తగునా యని కొందఱు పెద్దలు శంకింపవచ్చును. కాని యిది ఆటల మాట మాత్రమే కాదు, డబ్బు మాట; అంతకు మించి, ఇంటిలో తండ్రికిని కొడుకునకును నడుమ నుండవలసిన నమ్మకపు మాట. మంచి కార్డు వెల మన సీమలో చిన్న మొత్తము కాదు. కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడిలో శనగ పండిన యేడు అది పంట డబ్బు. వాన తప్పిన యేడు అదియే వడ్డీకి తెచ్చిన అప్పు. అట్టి సొమ్మును పెట్టె మీద అచ్చువేసిన యొక్క అంకెను చూచి వెచ్చింపవచ్చునా? మా యభిప్రాయము ముందుగానే చెప్పెదము. "చాలునా" యనునది సగము ప్రశ్న. "దేనికి చాలును" అను రెండవ సగము చేరిన గాని దానికి ఉత్తరము లేదు. ఆ రెండవ సగమును కొలిచి చెప్పగలిగిన బాలుడే కార్డు నడుగుటకు అర్హుడు; అట్లు కొలిచి చెప్పినప్పుడు చెవియొగ్గి వినుట తల్లిదండ్రులకు ధర్మము.

మొదట వీడియో మెమరీ యననేమో తెలిసికొందము. ఆటలో మనము చూచు బొమ్మ ముందుగా గీసిపెట్టినది కాదు. ఆడువాడు మీట నొక్కిన కొలదిని గ్రాఫిక్స్ కార్డు ఆ దృశ్యమును సెకనునకు అఱువది సార్లో, అంతకంటె నెక్కువ సార్లో క్రొత్తగా లెక్కగట్టి తెరపైకి పంపుచుండును. ఆ లెక్కకు కావలసిన సామగ్రి యంతయు చేతికందు దూరములో నుండవలెను. వంటయింటిలో పోపులపెట్టె పొయ్యి ప్రక్కనే యుండవలెను గాని సంతలో నున్న లాభమేమి? కార్డుపై దాని సొంతముగా అమర్చిన యా సామగ్రి గదికే వీడియో మెమరీ యని పేరు. దానిని గిగాబైట్లలో, అనగా వాడుకలో జీబీలలో, కొలుతురు.

ఆ గదిని నింపునది తెరపైని బొమ్మయే యని చాలమంది యనుకొందురు. అది సరికాదు. లెక్కవేసి చూడుడు. మన యిండ్లలోను దుకాణములలోను సాధారణముగా కనబడు మానిటరునకు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. హెచ్చవేసిన 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగునకు నాలుగు బైట్ల చొప్పున 82,94,400 బైట్లు. ఎనిమిది జీబీ గదిలో అట్టి బొమ్మలు వేయికి పైగా పట్టును. కావున తెర యొక్కటియే అయినచో మెమరీకి కొదువయే లేదు.

గదిని నిజముగా నింపునవి టెక్స్చర్లు. ఆటలోని గోడకును, బండకును, మనిషి ముఖమునకును పైన తొడిగెడు బొమ్మలకు ఆ పేరు. మేలైన టెక్స్చరు ఒకటి అడ్డము 4096, నిలువు 4096 చుక్కలు కలిగి యుండును. దానిని ఉన్నది యున్నట్లుగా నుంచినచో 6,71,08,864 బైట్లగును. ఆట చేయువారు దానిని నాలుగవ వంతునకు కుదింతురు. దూరమునుండి చూచునప్పటి కొఱకు చిన్న చిన్న నకళ్లను చేర్తురు గనుక మరల మూడవ వంతు పెరుగును. తుదకొక్కటి సుమారు 2 కోట్ల 24 లక్షల బైట్లు. ఎనిమిది జీబీలో అట్టివి నాలుగు వందలకు లోపుగానే పట్టును. ఒక్క వస్తువునకు రంగు కొఱకొకటి, గరుకుదనము కొఱకొకటి, మెఱుపు కొఱకొకటి యని రెండు మూడు టెక్స్చర్లు కావలసియుండును. వీనికి తోడు వస్తువుల ఆకారములు, నీడలు, నడిమి లెక్కల బొమ్మలు, కాంతి కిరణముల జాడ పట్టు రే ట్రేసింగునకు వలయు పట్టికలు. వెనుక తెఱచియుంచిన బ్రౌజరు కూడ తన వాటా తాను తీసికొనును. పెద్ద ఆటలు ఎనిమిది జీబీని ఎట్లు నింపుచున్నవో దీనిచే తెలియగలదు.

గది నిండిన తరువాత నేమగును? కార్డు ఆగిపోదు. మిగిలిన సామగ్రిని కంప్యూటరు ప్రధాన మెమరీలో నుంచి, కావలసినప్పుడెల్ల స్లాటు ద్వారా తెప్పించుకొనును. ఇచ్చటనే చిక్కు వచ్చును. 12 జీబీల ఆర్‌టీఎక్స్ 3060 కార్డు తన సొంత మెమరీనుండి సెకనునకు 360 జీబీ వఱకు తీసికొనగలదు. మూడవ తరము పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు పూర్తి వెడల్పున నున్నను, దాని గుండ వచ్చునది సెకనునకు సుమారు 16 జీబీ మాత్రమే. ఇరువది రెట్లకు మించిన భేదము! ఆర్‌టీఎక్స్ 4060 వంటి కొన్ని కార్డులు స్లాటులో సగము దారులనే వాడుకొనును గనుక, పాత బోర్డుపై అదియును సగమగును. తత్ఫలముగా ఆట సాఫీగా సాగుచు సాగుచు ఉన్నట్టుండి ఒక్క క్షణము బిగుసుకొని మరల కదలును. కొన్ని ఆటలలో బిగింపు కనబడదు గాని, బండలును ముఖములును మట్టిముద్దలవలె మసకబారును. మెమరీ చాలక ఆటయే నాసి టెక్స్చర్లను తొడుగుటచే నట్లగును. సెకనునకు సగటున నెన్ని బొమ్మలు వచ్చినవను లెక్కలో ఈ దోషము దాగిపోవును. కావున సగటు అంకెను మాత్రము చూచి కార్డును మెచ్చుకొనరాదు.

ఈ విషయమును మన సీమవారికి క్రొత్తగా నేర్పవలసిన పని లేదు. నీటిని కొలిచి బ్రతికినవారము గదా! కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించెను. 1369 నాటి సంస్కృత శాసన మొకటి యచ్చట నున్నది. వేయిమంది కూలీలును, నూరు బండ్లును రెండు సంవత్సరములు పనిచేసినట్లు దానిలో చెక్కబడినది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, చెరువునకు రాగూడని యాఱు దోషములను ఆ శాసనము లెక్కించుచున్నది. ఆ దోషములలో రెండు మనకిచ్చట పనికివచ్చును. నేల విస్తారముగా నుండి నీటిరాక స్వల్పమగుట యొక దోషము. నీటిరాక మెండుగా నుండి నిలుచు తావు చాలకుండుట మఱియొక దోషము. చెరువు గొప్పదనము దాని విస్తీర్ణమున మాత్రమే లేదనియు, రాకకును నిలువకును పొత్తు కుదురవలెననియు ఆ పెద్దలు ఆఱు వందల యేండ్లకు పూర్వమే ఎఱిగియుండిరి. గ్రాఫిక్స్ కార్డులలో నీ రెండు దోషములును నేడు దుకాణపు అరలయందు కనబడుచున్నవి.

మొదటి దోషమునకు జీటీ 730 అను కార్డు ఉదాహరణము. 2014లో వెలువడిన యీ చిన్న కార్డు 4 జీబీ అను అంకెతో కూడ అమ్మబడినది. దానిలో డీడీఆర్3 మెమరీతో 64 బిట్ల దారి గల రకము సెకనునకు 14.4 జీబీ మాత్రమే అందీయగలదు. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐకిని 4 జీబీలే; కాని యది సెకనునకు 112 జీబీ నందించును. పెట్టెమీద రెండింటికిని అంకె యొక్కటే, పనిలో నేలకును నింగికిని ఉన్నంత యెడము. జీటీ 730లో నాలుగు జీబీలను నింపదగు పెద్ద ఆటను ఆ కార్డు గీయనే లేదు. నీరు రాని చెరువునకు కట్ట యెంత పొడవైన నేమి? "పేరు గొప్ప, ఊరు దిబ్బ" యను సామెత యిట్టి చోటనే పుట్టియుండును. బాలుడు "నాలుగు జీబీ కార్డు చవుకగా దొరకినది" అని సంతోషముతో వచ్చినప్పుడు, ఏ కార్డు, ఏ రకపు మెమరీ, ఎన్ని బిట్ల దారి యని అడుగుట మఱవకూడదు.

రెండవ దోషము దీనికి తలక్రిందు. 2020 అక్టోబరులో విడుదలయైన ఆర్‌టీఎక్స్ 3070 బలమైన కార్డు. దానికి మెమరీ 8 జీబీ. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 దానికంటె బలహీనము, వెలయు తక్కువ. కాని దానికి 12 జీబీ. 2023 ఫిబ్రవరిలో హాగ్వార్ట్స్ లెగసీ, మార్చిలో కంప్యూటరుకు వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగము అను ఆటలు వెలువడినప్పుడు, అత్యున్నతమైన టెక్స్చర్లు పెట్టుకొన్న 8 జీబీ కార్డులు తడబడినవి. బలము చాలక కాదు, చోటు చాలక. ఆట చేసినవారు తరువాత సవరణలు పంపి భారమును కొంత తగ్గించిరనుటయు న్యాయము. అయినను వెలపెట్టి బలమును కొన్నవాడు టెక్స్చరును తగ్గించుకొనవలసి వచ్చుట గమనింపదగిన పాఠము.

కాలము గడచిన కొలదియు చోటు విలువ పెరుగుననుటకు మఱియొక నిదర్శనము కలదు. 2016లో జీటీఎక్స్ 1060 అను నొక్క పేరుతోనే 6 జీబీ కార్డొకటి, 3 జీబీ కార్డొకటి అమ్మకమునకు వచ్చినవి. సైబర్‌పంక్ 2077 అను ఆట 2020 డిసెంబరులో విడుదలయైనప్పుడు దానికి కనీసముగా చెప్పబడిన కార్డు 3 జీబీల జీటీఎక్స్ 780. 2023లో ఆ కనీసమును 6 జీబీల జీటీఎక్స్ 1060కి పెంచిరి. ఏడేండ్ల క్రిందటి యన్న పట్టికలో నిలిచెను. అదే పేరు గల తమ్మునికి చోటు దొరకలేదు. కొనునాడు పెట్టిన కొలది యధికము వారిని ఎన్నియో యేండ్లు కాపాడినదన్నమాట.

ఒక్క పేరుతో రెండు కొలతలు అమ్ము ఆచారము మాకు సమ్మతము గాదు. 2023లో ఆర్‌టీఎక్స్ 4060 టీఐ మే నెలలో 8 జీబీతో 399 డాలర్లకును, జులైలో 16 జీబీతో 499 డాలర్లకును వచ్చెను. 2025 ఏప్రిల్‌లో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ మరల ఎనిమిది, పదహారు అను రెండు రూపములతో 379, 429 డాలర్లకు వెలువడెను. అదే సంవత్సరము జూన్‌లో ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడ 299, 349 డాలర్లకు అట్లే వచ్చెను. రెండింటికిని లెక్కగట్టు చిప్పు ఒక్కటే, పేరొక్కటే. దుకాణమునకు పోయి పేరు మాత్రము చెప్పిన పల్లెటూరి తండ్రికి ఏది చేతికి వచ్చునో యెవరెఱుగుదురు? 2014 సెప్టెంబరులో వచ్చిన జీటీఎక్స్ 970 కథ యింకొకటి. దానికి 4 జీబీ యని ప్రకటించిరి. ఆ నాలుగింటిలో చివరి అర జీబీ తక్కిన మూడున్నర కంటె మిక్కిలి మందముగా పనిచేయునని 2015 జనవరిలో బయటపడెను. అమెరికాలో వ్యాజ్యము నడిచి, 2016లో ఆ కంపెనీ యచ్చటి కొనుగోలుదారులకు కార్డొకటికి 30 డాలర్ల చొప్పున నిచ్చుటకు ఒప్పుకొనెను. మానికతో గింజలు కొలుచునప్పుడు మానిక అడుగు నొత్తిపెట్టియున్నదేమో చూచుకొను జాగ్రత్త మన సంతలలో ఉన్నదే. అదే జాగ్రత్త ఇచ్చటను కావలెను.

ఇక మన విద్యార్థులు నిజముగా నేమి యాడుచున్నారో చూతము. వారి నోట తఱచుగా వినవచ్చు పేర్లు వాలొరాంట్, కౌంటర్ స్ట్రైక్, జీటీఏ ఐదవది. వాలొరాంటునకు దాని తయారీదారులు చెప్పిన కనీసము 1 జీబీ వీడియో మెమరీ. జీటీఏ ఐదవది 2015లో కంప్యూటరుకు వచ్చినప్పుడు కనీసము 1 జీబీ, మేలైన యాటకు 2 జీబీ యని చెప్పిరి. వీనికొఱకు పదహారు జీబీ యడుగువాడు పిడికెడు నేలకు తుంగభద్ర నడిగినట్లే. మఱియొక వైపున, 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్ అను ఆటకు కనీసమే 8 జీబీల కార్డు. ఆట పేరు చెప్పక "చాలునా" యని అడిగినచో ఎవరును ఉత్తరము చెప్పలేరనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

కావున మా తీర్పు ఇట్లున్నది. 1920కి 1080 చుక్కల మానిటరుపై పైని చెప్పిన పోటీ ఆటలను, పాత ఆటలను ఆడువానికి 4 జీబీల సరియైన కార్డు చాలును. ఇంట నట్టిది ఇప్పటికే యున్నచో మార్చనక్కఱలేదు. అదే మానిటరుపై పెద్ద ఆటలను నడితరము అమరికలతో నాడువానికి 8 జీబీ చాలును. టెక్స్చరును ఒక మెట్టు తగ్గించుకొనుటకు మాత్రము వాడు సిద్ధముగా నుండవలెను. అయితే చాలినది వేఱు, క్రొత్తగా కొనదగినది వేఱు. ఐదాఱేండ్లు వాడదలచి క్రొత్త సొమ్ము పెట్టునప్పుడు, చిప్పు బలము సమానముగా నుండి వెలలో భేదము స్వల్పమైనచో, ఎనిమిదిని విడిచి పండ్రెండో పదహారో తీసికొనుటయే వివేకము. 2560కి 1440 చుక్కల మానిటరు గలవానికి పండ్రెండును, 3840కి 2160 గలవానికి పదహారును తగినవని మా మతము. 2025 చివరి నెలలలో మెమరీ చిప్పుల వెలలు బాగుగా పెరిగినవి గనుక, భేదము స్వల్పమా కాదా యని కొను దినమున కర్నూలు దుకాణములోను, హైదరాబాదు, బెంగుళూరు దుకాణములలోను విచారించి చూడవలెను. పైన చెప్పిన డాలరు వెలలు విడుదల నాటివే గాని నేటి మన వెలలు గావు.

ల్యాప్‌టాపు కొనువారు మఱింత జాగరూకులు కావలెను. ఇంజనీరింగున చేరు బాలునికి తండ్రి కొనిపెట్టు మొదటి యంత్రము ప్రాయికముగా నదియే. ప్రధాన మెమరీని పెక్కు యంత్రములలో తరువాత పెంచుకొనవచ్చును. వీడియో మెమరీని మాత్రము పెంచుకొన వీలులేదు, అది బోర్డునకు అతికింపబడి యుండును. 2023లో వచ్చిన ల్యాప్‌టాపు రకములలో ఆర్‌టీఎక్స్ 4050కి 6 జీబీ, 4060కి 8 జీబీ. అధిక వెల గల 4070కిని అదే 8 జీబీ. పేరులోని అంకె పెరిగినంత మాత్రమున చోటు పెరుగలేదని గమనింపుడు. చెరువు కట్టను ఒక వేసవిలో మఱికొంత యెత్తవచ్చును. ఈ కట్ట మాత్రము కొన్ననాటిదే తుది.

తమ కార్డు చాలుచున్నదో లేదో ఎవరి యింట వారే పరీక్షించుకొనవచ్చును. విండోసులో టాస్క్ మేనేజరును తెఱచి, పెర్ఫార్మెన్స్ అను పుటలో జీపీయూను చూడవలెను. డెడికేటెడ్ మెమరీ యనునది కార్డు సొంత చోటు. షేర్డ్ మెమరీ యనునది ప్రధాన మెమరీనుండి యెరువు తెచ్చినది. మొదటిది నిండి, రెండవది పెరుగుచు, ఆట బిగుసుకొనుచున్నచో చోటు చాలలేదని యర్థము. మొదటిది నిండినంత మాత్రమున భయపడరాదు. చోటున్నప్పుడు ఆట ముందుచూపుతో సామగ్రిని తెచ్చి నిలువయుంచుకొనుట కలదు. టెక్స్చరును ఒక మెట్టు తగ్గించి చూడుడు. బిగింపు పోయినచో ఖర్చులేని మందు దొరకినది. ఎంత తగ్గించినను ఆట మందగతినే సాగుచున్నచో లోపము మెమరీది కాక చిప్పు బలమునదో, ప్రాసెసరునదో, వేడిదో యగును. మన యూళ్ల మేనెల యెండలో గాలి యాడని గదిలో పెట్టిన యంత్రము వేడికి తానే వేగము తగ్గించుకొనును. దుమ్ము దులిపి, పెట్టెను గోడకు దూరముగా జరిపినను కొంత మేలు గలుగును.

ఇంత చెప్పిన పిమ్మట రెండు పక్షములవారికిని ఒక్కొక్క మాట చెప్పవలసియున్నది. ఆటలన్నియు చెడుగే, కార్డన్న మాటయే ఇంట వినబడరాదను పెద్దలతో మేము ఏకీభవింపము. సాయంకాలము బంతియాటకు మైదానమునకు విడుచు తల్లిదండ్రులు, పని ముగిసిన పిమ్మట గంటసేపు ఈ యాటనాడనిచ్చుట పాపము గాదు. నిద్రను, చదువును, కంటి చూపును మ్రింగనంత వఱకు ఆట ఆటయే. పైగా ఈ యంత్రము లోపలి మర్మములను ఆటకై విచారించి నేర్చుకొన్న బాలురు ముందుముందు కంప్యూటరు విద్యలో రాణించుటకు అవకాశము గలదు.

బాలురకు చెప్పవలసినది ఇంతకంటె కఠినము. "చదువునకు కావలెను" అని చెప్పి ఆటకై కార్డు కొనిపించుకొనుట సత్యము గాదు. పాఠశాల పాఠములకును, పైథాన్, సీ భాషలు నేర్చుటకును, టైపు చేయుటకును, వెబ్ పుటలు కట్టుటకును వేఱుగా గ్రాఫిక్స్ కార్డు అక్కఱలేదు. బ్లెండర్‌లో బొమ్మలు చేయుటకును, కృత్రిమ మేధ నమూనాలను సొంత యంత్రముపై నడుపుటకును వీడియో మెమరీ నిజముగా కావలెను, మెండుగానే కావలెను. అట్టి పని చేయువాడు చేసిన పనిని చూపి యడుగవచ్చును. తక్కినవారు "నాన్నా, ఇది ఆటకే" యని చెప్పవలెను. ఆ మాట చెప్పిన పిమ్మట తండ్రి కాదనవచ్చును. ఈ యేడు వద్దు, పై యేడు చూతమనవచ్చును. అట్లు కాదనిపించుకొన్న బాలుడు పోగొట్టుకొనునది ఒక కార్డును మాత్రమే. అబద్ధమాడి కొనిపించుకొన్నవాడు పోగొట్టుకొనునది తండ్రి నమ్మకమును. దానికి ఏ దుకాణమునను వెల కట్టలేరు.

కాబట్టి విద్యార్థులారా, ఈ సెలవులలో అడుగదలచినవారు ముందొక కాగితము తీసికొనుడు. ఆడదలచిన ఆటల పేర్లు, వాని తయారీదారులు చెప్పిన కనీసము, మీ మానిటరు చుక్కలు, మీ బోర్డు స్లాటు తరము, మీ పవర్ సప్లయి వాట్లు వ్రాయుడు. ఇప్పుడున్న కార్డుతో టెక్స్చరు తగ్గించి చూచితిరో లేదో వ్రాయుడు. అన్నింటికిని క్రింద, ఇంటిలో ఈ యేడు పంట యెట్లున్నదో, చెల్లెలి ఫీజు కట్టిరో లేదో కూడ వ్రాయుడు. "మంచమున్నంత మేరకే కాళ్లు చాచుకొనవలెను" అని పెద్దలన్నది కాళ్లు ముడుచుకొనుమని గాదు, మంచమును కొలుచుకొనుమని. కొలిచినవానికి ఎనిమిది చాలునో పదహారు కావలెనో మా వంటివారు చెప్పనక్కఱలేదు. ఆ కాగితమే చెప్పును. తల్లిదండ్రులారా, మీ బిడ్డ అట్టి కాగితముతో మీ యెదుట నిలిచిన దినమున, ఉత్తరము అవునైనను కాదైనను, మొదట దానిని పూర్తిగా చదువుడు.